కోటకొండ అభ్రకానికి వయసెంత?

ఎండాకాలం వచ్చిందంటే మేడ్చల్, శామీర్‌పేట, తుర్కపల్లి చుట్టూ ఏదో ఒక వెంచర్లో రాత్రంతా బోరుబండి మోత వినిపిస్తూనే ఉంటుంది. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన బండి, రాడ్డు మీద రాడ్డు దించుతుంది. మొదట ఎర్ర మొరం, దాని కింద పచ్చటి మొరం, ఆపైన గట్టి బండ. కంప్రెసర్ గాలి ఎగదోసిన బూడిదరంగు పిండి కేసింగు పైపు చుట్టూ కుప్పపడుతుంది. ప్లాటు యజమాని వంగి గుప్పెడు పిండి తీసి సెల్‌ఫోన్ లైటు కింద పెట్టుకుంటాడు. ఆయన వెతికేది తడి కోసం. ముందుగా కంటబడేది మెరుపు.

“గిది ఏందన్నా, గిట్ల మెరుస్తున్నది?”

“కాకిబంగారం, పటేలా. బండలనే ఉంటది. దాంతోని మనకేం పని లేదు.”

ఇవి ఏ ఒక్క రాత్రి మాటలో కావు. ఈ గుట్టల మధ్య బోరు వేసిన ప్రతిచోటా కాస్త అటూ ఇటూగా వినిపించే మాటలే. ఆ పిండిలో మెరిసేది బయోటైట్, అంటే ఇనుము ఎక్కువగా ఉన్న నల్ల అభ్రకం. హైదరాబాద్ చుట్టూ పరుచుకున్న ఈ గ్రానైట్‌కు సుమారు 250 కోట్ల ఏళ్లు. పంటచేలలో ఏనుగుల్లా కూర్చున్న బండలూ, శామీర్‌పేట చెరువు కట్ట కింది రాయీ, మేడ్చల్ రోడ్డు వెంబడి క్వారీల్లో పగిలే రాయీ అన్నీ ఆ కుటుంబానివే.

బోరు ఎంత లోతు దిగినా వెయ్యి, పదిహేను వందల అడుగులు. మనిషి భూమిలోకి దించిన బోర్లలో అతి లోతైనది రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉంది. అది 1989లో 12,262 మీటర్లకు చేరింది, అంతకు మించి దిగలేదు. మన కాళ్ల కింద ఈ గ్రానైట్, దాని బంధువులైన గట్టి శిలలు కలిసి దాదాపు 35 కిలోమీటర్ల మందాన ఉన్నాయి. ఆ పొర దాటాక రాయి స్వభావమే మారిపోతుంది. గ్రానైట్ తెలుపు, గులాబీ ఉండవు. ఆలివిన్ నిండిన పచ్చటి, బరువైన పెరిడోటైట్ మొదలవుతుంది. మాంటిల్ అని పిలిచేది దాన్నే. అక్కడి దాకా పోయి చూసిన మనిషి లేడు, పోగల యంత్రమూ లేదు. చూడాలంటే అదే పైకి రావాలి.

అలా పైకి వచ్చిన చోటు ఒకటి హైదరాబాద్ నుంచి నూట అరవై కిలోమీటర్లకు పైన, నైరుతి దిక్కున ఉంది. దాని పేరు కోటకొండ. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో ఉండేది, ఇప్పుడు నారాయణపేట జిల్లా. చీరల వల్ల ఊరూరా తెలిసిన నారాయణపేటకు, భూవిజ్ఞానులు కూడే సభల్లో ఇంకో పేరుంది: నారాయణపేట కింబర్లైట్ క్షేత్రం. కింబర్లైట్ అంటే మాంటిల్ లోతుల నుంచి ఎగజిమ్మిన మాగ్మా గడ్డకట్టిన రాయి. ఈ కథ అక్కడ దొరికిన అభ్రకపు రేకులది. ఆ రేకులు రెండు ప్రయోగశాలల్లో రెండు వయసులు చెప్పాయి. రెండిటికీ తేడా ఏడాదో పదేళ్లో కాదు, ముప్పై కోట్ల ఏళ్లు.

*

ముందు ఆ రేకు పుట్టిన చోటికి పోదాం. ఈ దృశ్యం చూసిన కన్ను లేదు. రాళ్లలో మిగిలిన గుర్తులను ఒకదాని పక్కన ఒకటి పేర్చి కట్టుకున్నదే.

లోతు నూట యాభై కిలోమీటర్లు, ఇంకా కిందికే కావచ్చు. వేడి వెయ్యి డిగ్రీల పైమాట. అక్కడ పెరిడోటైట్ కరిగి లేదు, గట్టిగానే ఉంది. ఆలివిన్, రెండు రకాల పైరాక్సీన్, మధ్యలో నెత్తుటి రంగు గార్నెట్లు. ఇందులో పొటాషియం లేనట్టే లెక్క, వంద గ్రాముల రాయిలో గ్రాములో కొన్ని వందో వంతులు. నీళ్లు అంతకన్నా అపురూపం. ఇలాంటి రాతిలో అభ్రకం పుట్టడానికి వీల్లేదు. ఎందుకంటే ఫ్లోగోపైట్ అనే ఆ లేత గోధుమరంగు అభ్రకానికి తన బరువులో పదో వంతు దాకా పొటాషియం ఆక్సైడ్ కావాలి. పొరల్లో నాలుగు శాతం దాకా నీరు కావాలి. నీటి బదులు కొంత ఫ్లోరిన్ ఉన్నా దానికి అభ్యంతరం లేదు.

అయినా అక్కడ అభ్రకం ఉంది. ఉందంటే, ఎక్కడినుంచో ఏదో వచ్చిందన్నమాట. ఇంకా లోతు నుంచి పొటాషియం, నీరు, బొగ్గుపులుసు వాయువు, టైటానియం మోసుకొచ్చిన ద్రవం ఒకటి రేణువుల అంచుల వెంట పాకింది. గార్నెట్‌ను తాకిన చోట గార్నెట్ కరిగి, దాని చుట్టూ అభ్రకం, స్పినెల్, పైరాక్సీన్ కలిసిన అంచు పెరిగింది. పైరాక్సీన్‌ను తాకిన చోట ఆంఫిబోల్ పుట్టింది. కొన్నిచోట్ల పాత రాయి ఆనవాలే మిగల్లేదు. మాంటిల్ రాయి ఇలా రసాయనికంగా మారిపోవడాన్ని శాస్త్రజ్ఞులు మెటాసోమాటిజం అంటారు. 1977లో బారీ డాసన్, జోసెఫ్ స్మిత్ దక్షిణాఫ్రికా కింబర్లైట్లలోంచి అభ్రకం, ఆంఫిబోల్, రూటైల్, ఇల్మెనైట్, డయాప్సైడ్ కలిసిన ముక్కలను వర్ణించి, ఆ అయిదు పేర్ల మొదటి అక్షరాలు కలిపి ‘మారిడ్’ అని పేరుపెట్టారు. అయిదింటిలో మొదటి చోటు అభ్రకానిదే.

మారిన రాతిలో అభ్రకం ఒంటరిగా పెరగదు. పెరుగుతూ పక్కనున్న వాటిని పొదువుకుంటుంది. చిన్న క్రోమైట్ గింజ, విరిగిన డయాప్సైడ్, పూర్తిగా కరగని ఆలివిన్ రేణువు దాని కడుపులో చిక్కుకుంటాయి. మెల్లగా చల్లబడుతున్నప్పుడు, అభ్రకం తనలో ఇముడ్చుకోలేకపోయిన టైటానియం సన్నని రూటైల్ సూదులుగా విడిపోతుంది. ఆ సూదులు మూడు దిక్కుల్లో ఒద్దికగా పడుకుని ఉంటాయి. అలాంటి రేకు వెనక దీపం పెట్టి చూస్తే వెలుగు ఆరు కోణాల నక్షత్రంలా విచ్చుకుంటుంది. అందం సంగతి సరే, ఆ చిక్కుకున్న రేణువులే అసలు ఆధారాలు. అవి ఏమిటో, వాటి కూర్పు ఏమిటో తెలిస్తే అభ్రకం ఏ రాతిలో, ఎలాంటి వేడిలో కళ్లు తెరిచిందో తెలుస్తుంది.

ఆ రేకు అక్కడ ఎంతకాలం ఉంది? కోటకొండ గొడవకు మూలం ఈ ప్రశ్నే.

ఒక రోజు, నిజంగా రోజు అన్న మాటకు సరిపోయేంత తక్కువ కాలంలో, అడుగు నుంచి కింబర్లైట్ మాగ్మా పగుళ్లు చీల్చుకుంటూ లేచింది. బొగ్గుపులుసు వాయువుతో, నీటితో నిండిన పలచని ద్రవం. దారిలో గోడలను పెళ్లగించి ముక్కలను తనతో లాక్కుంది. పచ్చని పెరిడోటైట్ ముక్కలు, గార్నెట్లు, అభ్రకం, కొన్నిచోట్ల వజ్రాలు. పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి వాయువు ఉబ్బింది, వేగం పెరిగింది. చివరకు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైట్‌ను పగలగొట్టుకుని బయటపడింది. ఆనాడు ఆ నేల మీద చెట్టు లేదు, గడ్డి లేదు, కీటకం లేదు. ప్రాణమంటే చాలామటుకు సూక్ష్మజీవులే. పేలుడు మోత వినే చెవి ఈ భూమి మీదే పుట్టలేదు.

ఆ ప్రయాణం గంటల్లో, మహా అయితే కొద్ది రోజుల్లో ముగిసిందని మనకు ఎలా తెలుసు? అభ్రకమే చెప్పింది. 2000 సంవత్సరంలో సైమన్ కెల్లీ, జో-ఆన్ వార్థో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, మాగ్మా పైకి తెచ్చిన మాంటిల్ ముక్కల్లోని ఫ్లోగోపైట్‌ను పరిశీలించి ‘సైన్స్’ పత్రికలో రాశారు. మాగ్మా వేడిలో అభ్రకం అంచుల నుంచి ఆర్గాన్ వాయువు బయటికి జారిపోతుంది. ఎంత జారిపోయిందో కొలిస్తే ఎంతసేపు వేడిలో మరిగిందో తెలుస్తుంది. వాళ్ల లెక్కకు వచ్చినవి గంటలు, రోజులు. అంతకంటే ఆలస్యమై ఉంటే ఆ ఆర్గాన్ మొత్తం పోయి ఉండేది.

ఈ ఆర్గాన్‌ను గుర్తుంచుకోండి. కోటకొండలో గందరగోళం తెచ్చిపెట్టింది ఇదే.

*

ఇక శామీర్‌పేట నుంచి గంట ప్రయాణం చేసి ఉప్పల్ రోడ్డుకు, హబ్సిగూడకు రావాలి. 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ, ఇక్కడే ఉంది. 1993లో ఇక్కడి అనిల్ కుమార్, వి.ఎం. పద్మకుమారి, ఎ.ఎం. దయాల్, డి.ఎస్.ఎన్. మూర్తి, కె. గోపాలన్ భారతదేశపు పాత కింబర్లైట్ల వయసులను ఒక పరిశోధన పత్రంగా ప్రచురించారు. ఆ పని సాగిన తీరును మనసులో కట్టుకుందాం. పనిముట్లు, పద్ధతి వాస్తవం. ఆ గదిలో ఎవరు ఏమన్నారన్నది మాత్రం నేను కల్పించను.

రాయిని దంచుతారు, జల్లిస్తారు. సూక్ష్మదర్శిని కింద సూదిమొనతో ఒక్కో అభ్రకపు రేకును ఏరుతారు. పసుపుపచ్చగా మారిన రేకు పనికిరాదు, అంచున సున్నం అంటుకున్న రేకూ పనికిరాదు. ఎందుకంటే కింబర్లైట్‌లో కాల్సైట్ ఎక్కువ, కాల్సైట్‌లో స్ట్రాన్షియం ఎక్కువ. ఆ పరాయి స్ట్రాన్షియం చిటికెడు కలిసినా లెక్క తప్పుతుంది. పలచని ఆమ్లంలో కడిగి, శుద్ధమైన రేకులను హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంలో కరిగిస్తారు. గాజును తినేసే ఆమ్లం అది, చర్మం మీద పడితే ఎముక దాకా దిగుతుంది. కరిగిన దానిని రెజిన్ నింపిన గొట్టాల గుండా బొట్టుబొట్టుగా పోనిచ్చి రుబీడియంను, స్ట్రాన్షియంను వేరుచేస్తారు. చివరకు మిగిలేది కంటికి ఆనని మరక. దాన్ని సన్నని లోహపు తీగ మీద ఎండబెట్టి, మాస్ స్పెక్ట్రోమీటర్‌లో ఎర్రగా కాల్చి, ఒక్కో పరమాణువును బరువు ప్రకారం విడదీసి లెక్కపెడతారు.

అభ్రకంలో పొటాషియం ఉన్న చోటికి రుబీడియం కూడా దూరుతుంది. రుబీడియం-87 మెల్లగా, చాలా మెల్లగా స్ట్రాన్షియం-87గా మారుతుంది. అది సగం కావడానికి దాదాపు 4,900 కోట్ల ఏళ్లు పడుతుంది. 110 కోట్ల ఏళ్లలో మారేది వందకు ఒకటిన్నర మాత్రమే. ఆ ఒకటిన్నరను నూరేసి భాగాలుగా కొలవగలిగితే వయసు తెలుస్తుంది. హబ్సిగూడ లెక్కల్లో అనంతపురం జిల్లా వజ్రకరూరు కింబర్లైట్ల వయసు 110 కోట్ల ఏళ్ల దగ్గర తేలింది. మధ్యప్రదేశ్‌లోని పన్నా దగ్గర మఝ్‌గవాన్ కూడా దాదాపు అదే కాలానిది. వేల మైళ్ల దూరంలో, ఉత్తర అమెరికా మధ్యలోనూ ఆఫ్రికా దక్షిణంలోనూ అదే కాలంలో భారీగా మాగ్మా ఉబికింది. ఎక్కడెక్కడో ఉన్న చీలికలన్నిటి వెనక ఒకే కారణం ఉందేమోనన్న ఆశ రేకెత్తింది.

ఇక్కడిదాకా కథ సాఫీగా ఉంది.

1999లో భారత భూవిజ్ఞాన సంఘం పత్రికలో ఇంకో పరిశోధన పత్రం వచ్చింది. రాసినవారు ఎన్.వి. చలపతిరావు, కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయానికి చెందిన మిల్లర్, గిబ్సన్, పైల్, వరంగల్ కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి వి. మాధవన్. వాళ్లు వాడింది రుబీడియంను కాదు, ఆర్గాన్‌ను. అభ్రకంలోని పొటాషియం-40 సగం కావడానికి 125 కోట్ల ఏళ్లు. అందులో దాదాపు పదో వంతు ఆర్గాన్-40గా మారి, పొరల మధ్య బందీగా ఉండిపోతుంది. రేకులను అణు రియాక్టర్‌లో న్యూట్రాన్ల వానలో ఉంచితే పొటాషియంలో కొంత ఆర్గాన్-39 అవుతుంది. తర్వాత మెట్టుమెట్టుగా వేడిచేసి, వెలువడే రెండు ఆర్గాన్ల నిష్పత్తి చూస్తారు. వరుస మెట్లన్నీ ఒకే వయసు చూపితే దాన్ని నమ్మదగిన వయసుగా తీసుకుంటారు.

కోటకొండ అభ్రకం చూపిన వయసు 140 కోట్ల 15 లక్షల ఏళ్లు, ఇటో అటో 46 లక్షలు. నల్లమల అడవిలో నంద్యాల, గిద్దలూరు రైలుదారి దగ్గరున్న చెలిమ శిలకు 142 కోట్లకు కాస్త తక్కువ.

రెండేళ్లు తిరిగేసరికి, 2001లో, అదే పత్రికలో అనిల్ కుమార్, గోపాలన్, కె.ఆర్.పి. రావు, ఎస్.ఎస్. నాయక్ రుబీడియం లెక్క ప్రచురించారు. చెలిమకు దాదాపు 135 కోట్లు వచ్చాయి. తేడా ఉన్నా రెండూ ఒకే ఇరుగుపొరుగు. కోటకొండకు మాత్రం 110 కోట్లకు కాస్త దిగువన వచ్చింది.

ఒకే గుట్ట, ఒకే ఖనిజం, ఇద్దరూ నిష్ఠగా పనిచేసినవారే. ఒకరు 140 అన్నారు, ఇంకొకరు 110 కన్నా తక్కువ అన్నారు. మధ్యలో జారిపోయిన ముప్పై కోట్ల ఏళ్లంటే డైనోసార్లు పుట్టి, ఏలి, అంతరించి, ఆ తర్వాత మనుషులు వచ్చి ఈ పత్రిక చదివే దాకా గడిచిన కాలం కన్నా ఎక్కువ.

*

ఇలాంటి చోట తొందరపడి ఒకరిని దోషిని చేయడం సులువు. నేను ఈ రెండు పత్రాల గురించి ఎన్నిసార్లు ఆలోచించినా నాకు ముఖ్యంగా తోచింది వేరు. తప్పు కొలతలో ఉందా, కొలిచిన రేకులో ఉందా?

మనం కోరుకున్నది కింబర్లైట్ పేలిన తేదీ. కానీ కొలిచింది అభ్రకాన్ని. ఆ అభ్రకం మాగ్మాలోనే పుట్టి ఉంటే రెండూ ఒకటే. మాగ్మా దారిలో గోడల నుంచి పీక్కొచ్చిన పాత అభ్రకమైతే? కోట్ల ఏళ్లుగా మాంటిల్‌లో కూర్చుని, అక్కడే ఆర్గాన్ పోగేసుకుని, పేలుడు నాటికే నిండుగా ఉన్న రేకైతే? అప్పుడు మన లెక్క, సంచి బరువు తీయకుండా తూచిన బియ్యం లెక్కే.

అంత వేడిలో వాయువు నిలుస్తుందా అన్నది సహజమైన సందేహం. మామూలుగా నిలవదు. మన శామీర్‌పేట గ్రానైట్‌లోని బయోటైట్ మూడు, మూడున్నర వందల డిగ్రీలు దాటితేనే ఆర్గాన్‌ను వదిలేస్తుంది. కానీ వదిలిన వాయువు పోవడానికి చోటు కావాలి. మాంటిల్‌లో రేణువుల సందుల్లో ఖాళీ లేదు, పక్కనున్న ఆలివిన్, పైరాక్సీన్ ఆర్గాన్‌ను దగ్గరికి రానివ్వవు. అందుకే ఆ వాయువు అభ్రకంలోనే ఉండిపోతుంది. దక్షిణాఫ్రికా ప్రీమియర్ గని కింబర్లైట్ నుంచి తీసిన ఫ్లోగోపైట్ మీద డేవిడ్ ఫిలిప్స్, ఆన్‌స్టాట్ 1988లో లేజర్‌తో ఒక్కో చుక్క దగ్గర ఆర్గాన్ కొలిచారు. అంచున పేలుడు వయసుకు దగ్గరి అంకె వచ్చింది. లోపలికి పోయేకొద్దీ వయసు పెరుగుతూ పోయింది. ఒకే రేకులో అంచుకొక వయసు, నడిమికొక వయసు.

స్ట్రాన్షియం తీరు వేరు. మాంటిల్ వేడిలో అభ్రకంలో పుట్టిన స్ట్రాన్షియం అక్కడే ఉండాలని పట్టుపట్టదు. పక్కనున్న డయాప్సైడ్ దాన్ని సంతోషంగా పుచ్చుకుంటుంది. అంటే లోతులో ఉన్నంతకాలం రుబీడియం గడియారం తిరిగి తిరిగి సున్నాకు వస్తూనే ఉంటుంది. పైకి లేచి చల్లబడ్డాకే నిజంగా నడవడం మొదలుపెడుతుంది. అదే రేకులో ఒక మూలకం పాత జ్ఞాపకాన్ని దాచుకుంటే, ఇంకొకటి దాన్ని వదిలేసి కొత్తగా మొదలుపెట్టింది. కోటకొండలో జరిగింది ఇదే అయితే, రెండు ప్రయోగశాలలూ సరిగానే కొలిచాయి. కొలిచిన సంఘటనలే వేరు.

చెలిమలో రెండు లెక్కలూ ఎందుకు దగ్గర పడ్డాయన్నదీ ఇక్కడే అర్థమవుతుందని నా నమ్మకం. చెలిమ రాయి అభ్రకంతో కిటకిటలాడుతుంది. ఒకప్పుడు కింబర్లైట్ అన్నారు, తర్వాత దాన్ని, కింబర్లైట్ లాగే లోతు నుంచి వచ్చినా పొటాషియం మిక్కిలిగా ఉన్న లాంప్రోయిట్‌గా గుర్తించారు. అక్కడి టైటానియం నిండిన ఫ్లోగోపైట్ ఆ మాగ్మాలోనే పెరిగిన సొంత బిడ్డ. లోతు నుంచి మోసుకొచ్చిన పాత ఆర్గాన్ బరువు దానికి అంతగా లేదు.

తీర్పు కోసం మూడో ఖనిజం దగ్గరికి పోవాల్సి వచ్చింది. పెరావ్‌స్కైట్ నల్లని చిన్న గింజ, కాల్షియం, టైటానియం ఆక్సైడ్. ఇది మాగ్మా గడ్డకట్టేటప్పుడు అందులోనే పుడుతుంది, గోడల నుంచి అరువు తెచ్చుకున్నది కాదు. అందులో వయసు లెక్కకు పనికొచ్చే యురేనియం ఉంటుంది. 2007లో అనిల్ కుమార్, కెనడాకు చెందిన లారీ హీమన్, ఎన్‌జీఆర్‌ఐకే చెందిన సి. మాణిక్యాంబ పెరావ్‌స్కైట్‌నూ అభ్రకాన్నీ కలిపి చూసి, దక్షిణ భారత కింబర్లైట్లు 110 కోట్ల ఏళ్ల చుట్టూనే పేలాయని చూపారు. ఆ తర్వాతి ఏళ్లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయం నుంచి చలపతిరావు బృందం సొంతంగా పెరావ్‌స్కైట్ మీద పనిచేసింది. వాళ్లకూ ఎక్కువగా అదే కాలం వచ్చింది. మొదట 140 అన్నవారే ఇంకో ఖనిజాన్ని పట్టుకుని మళ్లీ కొలిచారు. ఈ కథ మొత్తంలో నాకు చాలా గౌరవం కలిగించిన ఘట్టం ఇది. ఇప్పుడు ఎక్కువమంది మొగ్గు 110 కోట్ల వైపే.

*

వయసు తగవు ఒక కొలిక్కి వస్తున్న సమయానికే పేరు తగవు మొదలైంది. అదీ అభ్రకం చుట్టూనే.

తొలకరి పడగానే అనంతపురం, కర్నూలు జిల్లాల పొలాల్లో జనం తల వంచుకుని నడుస్తుంటారు. వజ్రకరూరు, జొన్నగిరి, తుగ్గలి. వాన కడిగిన మట్టిలో ఒక్క రాయి మెరిస్తే బతుకు మారిపోతుందన్న ఆశ. ఆ వజ్రాలకు తల్లిరాయిగా పుస్తకాల్లోకెక్కినవే వజ్రకరూరు కింబర్లైట్లు. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయం నుంచి గుర్‌మీత్ కౌర్, కెనడా లేక్‌హెడ్ విశ్వవిద్యాలయం నుంచి రోజర్ మిచెల్ 2013లో ఒక ప్రశ్న వేశారు. వజ్రకరూరులోని ఒక గొట్టం, అంటే మాగ్మా చీల్చుకొచ్చిన దారిలో గడ్డకట్టిన రాయి, నిజంగా కింబర్లైటేనా, లాంప్రోయిటా?

ఆధారం ఎక్కడ వెతికారు? అభ్రకపు రేకులో నడిమి నుంచి అంచుకు. ఎలక్ట్రాన్ మైక్రోప్రోబ్ పరికరంలో వెంట్రుకలో యాభయ్యో వంతు కన్నా సన్నని ఎలక్ట్రాన్ పుంజాన్ని మెరుగుపట్టిన రాతి పలక మీద గురిపెడతారు. ఆ చుక్క నుంచి వెలువడే ఎక్స్‌రే కిరణాలే ఏ మూలకం ఎంతుందో చెబుతాయి. చుక్క చుక్కకూ ఇలా నడిచిపోతే అభ్రకం పెరిగిన చరిత్ర తెలుస్తుంది. కింబర్లైట్‌లో పెరిగే అభ్రకం అంచుకు పోయేకొద్దీ అల్యూమినియం, బేరియం పెంచుకుంటుంది. లాంప్రోయిట్‌లో పెరిగే అభ్రకంలో అల్యూమినియం తరిగిపోతుంది, దాని చోటును ఇనుము ఆక్రమిస్తుంది, టైటానియం పెరుగుతుంది. అభ్రకం కూర్పును, దానితోపాటు పొటాషియం, టైటానియం నిండిన ఆంఫిబోల్‌ను చూసి, వజ్రకరూరు గొట్టాల్లో కొన్ని లాంప్రోయిట్లని వాళ్లు వాదించారు. 2016లో పి-12 అనే గొట్టానికీ ఆ పేరే ఖాయం చేశారు. ఒప్పుకోనివారు ఉన్నారు, వాదన సాగుతూనే ఉంది.

పేరులో ఏముందని అనుకోవచ్చు. చాలా ఉంది. లాంప్రోయిట్‌కు మూలమైన మాంటిల్ ముందే పొటాషియంతో, నీటితో తీవ్రంగా మారిపోయి ఉండాలి. కింబర్లైట్ కథ వేరు. ఏ గొట్టం ఏదో తేలితే, దక్కను కింద ఏ చోట ఆ ద్రవాలు ఎంతగా పాకాయో తెలుస్తుంది. వజ్రం కోసం ఎక్కడ వెతకాలో, ఎక్కడ వెతకడం దండగో తెలుస్తుంది. నారాయణపేట క్షేత్రంలో ముప్పైకి పైగా గొట్టాలు తేలినా వజ్రం జాడ లేదు. వజ్రకరూరులో ఉంది. ఇంత దగ్గరి చుట్టాల మధ్య ఈ తేడా ఎందుకు వచ్చిందో అడిగినప్పుడల్లా, లోతు రాతిని తాకిన ఆ ద్రవాల దగ్గరికే వెళ్లాలి. వజ్రాన్ని పుట్టించేవీ, ఉన్న వజ్రాన్ని కరిగించేసేవీ అలాంటి ద్రవాలే.

*

ఇంకో పెద్ద ప్రశ్న మేడ్చల్ గ్రానైట్ కిందే ఉంది. వజ్రకరూరులో వజ్రం ఉందంటే, 110 కోట్ల ఏళ్ల నాడు అక్కడి గట్టి మాంటిల్ పలక కనీసం 150 కిలోమీటర్ల దాకా దిగి ఉండాలి. అంతకంటే తక్కువ ఒత్తిడిలో వజ్రం నిలవదు, అది గ్రాఫైట్ అవుతుంది. ఉరవకొండ దగ్గర లత్తవరం గొట్టాలు పైకి తెచ్చిన గార్నెట్ పెరిడోటైట్ ముక్కలూ ఆ లోతుల నుంచి వచ్చినవే. కానీ 2007లో ఎన్‌జీఆర్‌ఐకి చెందిన ప్రకాశ్ కుమార్, ఎం. రవికుమార్, ఆర్.కె. చడ్డా జర్మన్ శాస్త్రజ్ఞులతో కలిసి భూకంప తరంగాల ఆధారంగా ‘నేచర్’ పత్రికలో రాసినది వేరు. భారత పలక మందం నేడు సుమారు 100 కిలోమీటర్లేనని, ఒకనాటి చుట్టాలైన ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాల కింద 180 నుంచి 300 దాకా ఉందని. పలచబడ్డందువల్లే భారత్ ఏడాదికి 18, 20 సెంటీమీటర్ల వేగంతో ఉత్తరానికి పరుగెత్తిందని వాళ్ల వాదన. ఆ మందాన్ని ఒప్పుకోని అధ్యయనాలూ తర్వాత వచ్చాయి.

నిజంగానే పలచబడి ఉంటే, ఎప్పుడు? మధ్యలో ఒక మెట్టు దొరికింది. అనంతపురం జిల్లా తిమ్మసముద్రంలోని కింబర్లైట్‌కు పెరావ్‌స్కైట్ ఆధారంగా చలపతిరావు, దోంగ్రే, చైనాకు చెందిన వూ, జర్మనీకి చెందిన లేమన్ 2016లో కట్టిన వయసు దాదాపు 9 కోట్ల ఏళ్లు. భారత్ మడగాస్కర్ నుంచి విడిపోతున్న కాలం అది. అంటే ఒకే ప్రాంతంలో 110 కోట్ల నాటి మాంటిల్, 9 కోట్ల నాటి మాంటిల్, రెండిటి నుంచీ నేల మీదికి తలుపులు ఉన్నాయన్నమాట. మధ్యలో పలక మందం ఎంత పోయిందో, పోయిన దానిలో ద్రవాలు తినేసిన వంతు ఎంతో తేల్చడానికి దక్కనులో ఇంతకన్నా మంచి చోటు నాకు తెలియదు. దానికి రెండు కాలాల అభ్రకాన్నీ ఒకే బల్ల మీద పెట్టాలి. ముందు అది మాగ్మాలో పుట్టిందో గోడ నుంచి ఊడి వచ్చిందో దాని కడుపులోని రేణువులను చూసి తేల్చాలి. ఆ తర్వాత అంచు నుంచి నడిమి దాకా చుక్క చుక్కకూ మూలకాల కొలత తీయాలి. ఆర్గాన్, స్ట్రాన్షియం రెండూ ఒకే రేకులోంచి తీయాలి, కోటకొండ తగవు ఇంకోసారి రాకుండా.